మొదటి విమానమే స్పిట్‌ఫైరా? కిట్ కట్టాలా, అటక మీద పెట్టాలా?

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదలు. బెంగళూరులో ఉండే మా బావమరిది ఇల్లు మారుతూ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్‌కు మోడల్ కిట్ ఒకటి నా చేతిలో పెట్టాడు, బాల్సా అనే తేలిక చెక్కది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 1200 మి.మీ. లేజర్‌తో కోసిన బాల్సా, ప్లైవుడ్ ముక్కలు, మడత పెట్టిన ప్లాను. బ్యాటరీతో సహా 1300 గ్రాములు వస్తుందని ప్లాను మీద ఉంది. మోటారు, సర్వోలు (రెక్క, తోక మీది పలకలను కదిలించే చిన్న మోటార్లు), రేడియో ఏవీ లేవు. తొమ్మిదో తరగతి చదివే మావాడు పెట్టె చూసినప్పటి నుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా ఇద్దరిలో ఎవరమూ ఆర్సీ విమానం, అంటే రేడియో రిమోట్‌తో నడిపేది, ఎగరేసి ఎరుగం. ట్రైనర్ (కొత్తవాళ్లు నేర్చుకునే నెమ్మది విమానం) నేర్చుకోకుండా యుద్ధ విమానం జోలికి పోవద్దని ఒకరంటారు, కట్టడానికేం భయమని ఇంకొకరంటారు. మీరేమంటారు?

థర్మోకోల్ తంబి:
అటక మీద పెట్టేయండి సార్, కోపం తెచ్చుకోవద్దు. కొత్తవాళ్లకు స్పిట్‌ఫైర్ కంటే కష్టమైన విమానం వెతికినా దొరకదు. ఆ రెక్క దీర్ఘవృత్తంలా ఉండి కొసల దగ్గర సన్నబడుతుంది. వేగం తగ్గినప్పుడు కంగారులో రిమోట్ స్టిక్ వెనక్కి లాగితే కొస ముందుగా లిఫ్ట్ (పైకి లేపే బలం) వదిలేస్తుంది. ఒక రెక్క వాలిపోయి గింగిరాలు తిరుగుతూ నేలకొస్తుంది. అసలు విమానంలో కూడా అందుకేగా రెక్కను మొదలు నుంచి కొసకు కొద్దిగా మెలితిప్పి పెట్టారు! దానికి తోడు చక్రాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తోక కింద చక్రం ఉన్న విమానం, థ్రాటిల్ పెంచగానే ఎడమకు ఈడ్చుకుపోతుంది. కుడి రడ్డర్ (తోక మీది చుక్కాని) ఎంత ఇవ్వాలో చేతికి తెలియకపోతే నేల మీదే పల్టీ.

పైన రెక్క ఉన్న ఫోమ్ ట్రైనర్ కొనండి, లేదా డెప్రాన్ అనే ఫోమ్ షీటుతో మీరే కోసుకోండి. స్టిక్ వదిలేస్తే తనంతట తనే సర్దుకుంటుంది. కిందపడితే హాట్ గ్లూ, టేపు, పది నిమిషాల్లో మళ్లీ గాల్లో ఉంటుంది. నెలల తరబడి కట్టిన బాల్సా కిందపడితే పిల్లాడి ముఖం మీరు చూడగలరా?

బాల్సా బాబాయ్:
తంబీ, ఎగరేయడం గురించి నువ్వు చెప్పిందంతా ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది కట్టాలా వద్దా అని. అటక మీద పెట్టమనడం మాత్రం ఒప్పుకోను. ఇంట్లో పెట్టె ఉంది, పిల్లాడికి ఉత్సాహం ఉంది. రెండేళ్లు ట్రైనర్ ఎగరేశాక చూద్దాం అంటే అప్పటికి వాడు ఇంటర్‌లో, కోచింగ్‌లో ఉంటాడు. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఊపిరాడుతుందా ఎక్కడైనా?

ఇప్పుడే మొదలుపెట్టండి. ముందు తోక, ఆ తర్వాత రెక్క, చివర బాడీ. తోక చిన్నది, చదునుగా ఉంటుంది, చేయి అక్కడే తిరుగుతుంది. రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డముక్క), స్పార్ (రెక్క పొడవునా వెళ్లే దూలం), ఫార్మర్ (బాడీకి ఆకారమిచ్చే చట్రం) అంటే ఏమిటో పుస్తకంలో చదివినదాని కంటే ఒక రెక్క కడితే బాగా అర్థమవుతుంది. సాయంత్రాలు కిట్, ఆదివారం పొద్దున ఫోమ్ ట్రైనర్. కిట్‌కు రంగులు పడేసరికి చేతికి ఎగరేయడం కూడా వస్తుంది.

ఒకటే షరతు. బల్ల చదునుగా ఉండాలి. రెక్క ఒంకర వచ్చిందంటే ఆ విమానాన్ని ఎవరూ బాగుచేయలేరు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో దానికి కరువేముంది? కుప్పం గ్రానైట్ ముక్క ఒకటి ఏ పాలిషింగ్ షెడ్‌లో అడిగినా ఇస్తారు. దాని మీద సాఫ్ట్‌బోర్డు పరిచి, ప్లాను అంటించి, పైన పాలిథిన్ కవర్ వేసుకుంటే గుండుసూదులు దిగుతాయి, జిగురు ప్లానుకు అంటుకోదు.

ఎయిర్‌వింగ్ అక్క:
నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు తీగ కట్టి తిప్పే కంట్రోల్ లైన్ మోడళ్లతో మొదలుపెట్టినదాన్ని. నా మాట ఇద్దరికీ నచ్చదేమో. యుద్ధ విమానమే మొదట కట్టండి, కాకపోతే స్పిట్‌ఫైర్ వద్దు, అదే కాలపు ఇంకో బ్రిటిష్ యుద్ధ విమానం హరికేన్ కట్టండి. దాని రెక్క మందం, చక్రాలు వెడల్పుగా నిలబడి లోపలికి ముడుచుకుంటాయి. స్పిట్‌ఫైర్ చక్రాలు బయటికి ముడుచుకుంటాయి కాబట్టే కాళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నేల మీద రెంటికీ చాలా తేడా.

ఇంకో సంగతి. మన వాయుసేన కథలో హరికేన్‌కు చోటుంది. 1944లో ఇంఫాల్ దగ్గర నెంబర్ 1 స్క్వాడ్రన్ హరికేన్లతోనే యుద్ధం చేసింది, దాన్ని నడిపించిన అర్జన్ సింగ్‌కు డీఎఫ్‌సీ అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. పిల్లాడికి చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

తిరుచానూరు రోడ్డు:
అక్కా, బాగుంది గానీ ఇంట్లో ఉన్నది స్పిట్‌ఫైర్. ఇంకో కిట్ అంటే మా ఇంట్లో నాతో పాటు ఆ కిట్ కూడా బయటే.

ఎయిర్‌వింగ్ అక్క:
అలాగైతే స్పిట్‌ఫైరే కానివ్వండి. నెంబర్ 8 స్క్వాడ్రన్ అవి నడిపింది, మనకు పరాయిదేం కాదు. కానీ రంగులు నేను చెప్పినట్టు వేయండి, అది తర్వాత మాట్లాడతాను.

హెచ్‌ఎఫ్24 అభిమాని:
అందరూ తెల్లవాళ్ల విమానాలేనా? 1961లో బెంగళూరులో ఎగిరిన మన జెట్ యుద్ధ విమానం హెచ్‌ఎఫ్24 మారుత్ కట్టండి!

థర్మోకోల్ తంబి:
అన్నా, మారుత్‌కు రెండు ఈడీఎఫ్‌లు (జెట్ ఇంజిన్ బదులు గొట్టంలో తిరిగే కరెంటు ఫ్యాన్లు) కావాలి, అవి బ్యాటరీని నిమిషాల్లో ఖాళీ చేస్తాయి, చేత్తో విసిరితే విమానం వేగం అందుకోక నేల పట్టుకుంటుంది. మొదటి విమానం అంటున్నాం ఇక్కడ.

చిత్తూరు మామిడి:
ఏది కట్టినా సరే, ఎక్కడ ఎగరేస్తారో ముందు చెప్పండి. అది ఎవరూ అడగలేదు.

రేణిగుంట విమానాశ్రయం వైపు ఖాళీ వెంచర్లు చూసి టెంప్ట్ అవ్వొద్దు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు రెడ్ జోన్, కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉంటే తప్ప కుదరదు. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య ఎల్లో జోన్, ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించేవాళ్ల) అనుమతి లేకుండా ఒక్క అడుగు కూడా లేపకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే గ్రీన్, అంటే అనుమతి అక్కర్లేదు. ఆ అవతల, వేరే ఆంక్ష లేకపోతే, 400 అడుగుల దాకా. ఇంటి నుంచి బయలుదేరే ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. ఇక కొండ వైపు మాటే ఎత్తొద్దు. తిరుమల మీద ఏది ఎగిరినా పోలీసులకు డ్రోనే, మీది స్పిట్‌ఫైర్ అని వాళ్లకు చెప్పి ఒప్పించలేరు.

అలాగని భయపడాల్సిన పని లేదు. 25 కిలోలు మించకుండా, వినోదానికో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే మోడల్ విమానాలకు ఆ రూల్స్‌లోనే విడిగా ఒక విభాగం ఉంది, వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ఆమోద పత్రం) అక్కర్లేదు. మీది రెండు కిలోల లోపు కాబట్టి మైక్రో కిందికి వస్తుంది. వ్యాపారానికి కాకపోతే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అడగరు.

చంద్రగిరి దాటి వేరుశనగ పీకేసిన చేలు బాగుంటాయి, రైతును అడిగి దిగండి. మా చిత్తూరు వైపు రావద్దు, ఎటు తిప్పినా మామిడి తోపే. చెట్టు మీద చిక్కిన మోడల్‌ను దింపడానికి ఎక్కినవాడు కొమ్మ విరిగి పడితే దానికి ఏ జిగురూ లేదు.

తిరుచానూరు రోడ్డు:
మ్యాప్ చూస్తాను, థ్యాంక్స్. బాబాయ్, జిగురు అంటే గుర్తొచ్చింది. ఇంట్లో ఫెవికాల్, ఫెవిక్విక్ ఉన్నాయి. చాలవా? ఈ ఎండలకు ఏమైనా తేడా వస్తుందా?

బాల్సా బాబాయ్:
ఫెవికాల్ పనికొస్తుంది, పలచగా పూయండి. ఆరాక స్యాండ్ పేపర్ పెడితే సాగుతుంది, అందుకే పైకి కనిపించే అతుకుల దగ్గర వాడకండి. ఫెవిక్విక్ లాంటి సీఏ జిగురు వేగంగా పట్టుకుంటుంది, కళ్లకు ఘాటు, కిటికీ తెరిచి పిల్లాడి చేత కళ్లద్దాలు పెట్టించండి. తంబి చెప్పే థర్మోకోల్ మీద మాత్రం అది పడకూడదు, కరిగించేస్తుంది. మోటారు బిగించే ఫైర్‌వాల్‌కు, రెండు రెక్కలు కలిసే చోటుకు ముప్పై నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు. మిగతా చోట్ల ఎపాక్సీ అంటే ఉత్త బరువు.

బరువు అన్నాను కాబట్టి చెబుతున్నాను, స్పిట్‌ఫైర్‌లో అసలు సమస్య తోకే. మూతి కురచ, తోక దూరం. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి ముందు రెండు మూడు గ్రాముల సీసం పెట్టాలి. తోకలో పది గ్రాములు దుబారా చేశారంటే మొత్తం మీద నలభై దాకా పెరుగుతుంది. పెట్టెలో బాల్సా షీట్లు అన్నీ ఒకే బరువు ఉండవు. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కొక్కటి తూచి, తేలికైనవి తోకకు, బరువైనవి ముక్కు వైపుకు వాడండి. సర్వోలు కూడా తోకలో పెట్టకుండా రెక్క దగ్గరే పెట్టి అక్కడి నుంచి తోక దాకా పుష్‌రాడ్లు (కదలికను అందించే సన్న కడ్డీలు) వేయండి. బ్యాటరీ గది ఫైర్‌వాల్ దాకా జరిగేలా ఇప్పుడే కోసుకోండి. సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) ప్లాను మీద చూపించిన గీత కంటే ఒక్క మిల్లీమీటరు కూడా వెనక్కి పోకూడదు.

ఎండ సంగతి. బాల్సా చట్రం మీద ఇస్త్రీతో అతికించే ప్లాస్టిక్ ఫిల్మ్ ఏప్రిల్, మే నెలల్లో కారులో వదిలేస్తే అప్పడంలా ముడతలు పడుతుంది. మళ్లీ ఇస్త్రీ పెట్టి లాగొచ్చు, కానీ లాగినప్పుడు పలచని తోక మెలితిరుగుతుంది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఎట్టి పరిస్థితిలోనూ పార్కింగ్‌లో పెట్టిన కారులో వద్దు. ఎగరేయని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

థర్మోకోల్ తంబి:
బాబాయ్ ఎంత జాగ్రత్తలు చెప్పినా లెక్క మారదు. ఒకే సైజు రెక్క మీద బరువు రెట్టింపైతే స్టాల్ అయ్యే (రెక్క లిఫ్ట్ వదిలేసే) వేగం 1.4 రెట్లవుతుంది. 1200 మి.మీ. ఫోమ్ ట్రైనర్ 650 గ్రాములకు తేలిపోతుంది, మీది 1300. అంటే కొత్త చేతికి అంత వేగంగా నేలకొచ్చే విమానం ఇస్తున్నారు. మధ్యాహ్నం వేడిగాలి పలచగా ఉంటుంది, అప్పుడు ఇంకా వేగం. ఫోమ్ నేర్చుకున్నాక ఎగరేస్తామంటున్నారు కదా, పిల్లాడు ఆగుతాడా? రంగు ఆరగానే ‘ఈ ఆదివారమే నాన్నా’ అంటాడు. ఈయన కాదనలేరు. నా భయమంతా అదే.

బాల్సా బాబాయ్:
ఆ భయం న్యాయమైనదే. అయితే దీనికో హద్దు పెట్టుకుందాం. ఫోమ్ ట్రైనర్‌ను చెప్పిన చోట, చెప్పిన దిక్కు నుంచి, గాలికి ఎదురుగా, వరసగా ఐదుసార్లు దించగలిగితేనే స్పిట్‌ఫైర్‌కు బ్యాటరీ పెట్టాలి. మొదటిసారి మాత్రం అనుభవం ఉన్నవాళ్లు ఎగరేసి ట్రిమ్ చేసి (స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా సర్ది) ఇవ్వాలి. తంబీ, ఆ పని నువ్వే చేయరాదా?

థర్మోకోల్ తంబి:
మీరు కట్టించండి, నేను ఎగరేస్తా. కానీ మెలిక లేని రెక్క పట్టుకొస్తే ముట్టుకోను. కొసలు వెనక అంచు దగ్గర రెండు డిగ్రీలు పైకి లేచి ఉండాలి, ప్లానులో లేకపోయినా సరే.

ఎయిర్‌వింగ్ అక్క:
ఇప్పుడు రంగులు. పైన ఆకుపచ్చ, గోధుమ రంగు, కింద బూడిద వేస్తే ఫోటోలో బాగుంటుంది. చంద్రగిరి గుట్టల ముందు తిరిగినప్పుడు అది మీవైపు వస్తోందో పోతోందో తెలియదు. ఆ రంగులు పుట్టిందే కనిపించకుండా ఉండడానికి! 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు సొంతవాళ్లే కాల్చకుండా రెక్కల కింద, మీద మూడు తెల్ల, రెండు నల్ల పట్టీలు వేశారు. అవి వేయండి, చరిత్రకు చరిత్ర, కంటికీ బాగా ఆనుతుంది. లేదంటే బర్మా వైపు విమానాలకు వేసిన గుండ్రటి గుర్తు వేయండి, జపాన్ ఎర్ర బింబంతో పొరపడకుండా అందులోంచి ఎరుపు తీసేశారు. కింది వైపు మాత్రం నా మాటగా ఒక పసుపు పట్టీ.

హెచ్‌ఎఫ్24 అభిమాని:
పసుపు పట్టీనా? అది స్కేల్ మోడలా, ఆటో రిక్షానా?

ఎయిర్‌వింగ్ అక్క:
పడిపోయాక ఏ స్కేలూ ఉండదు తమ్ముడూ.

తిరుచానూరు రోడ్డు:
పట్టీలకు మావాడు ఓకే అన్నాడు, పసుపుకు ఒప్పుకోలేదు. తోక ముక్కలు తూచడం మొదలుపెట్టాం, ఒకే సైజు షీట్లలో ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. ఫోమ్ ట్రైనర్‌కు షీట్లు తంబి చెప్పిన చోట తెస్తాను. చివరగా ఒకటి, చక్రాలు పెట్టాలా వద్దా? చేలో దింపేటప్పుడు చక్రాలు ఇరుక్కుంటాయని ఎవరో అన్నారు.

థర్మోకోల్ తంబి:
వద్దు. చేత్తో విసిరి, గడ్డి మీద పొట్టతో దించండి. ప్రొపెల్లర్ ఒకటి విరిగితే కొత్తది కొనుక్కోవచ్చు, బరువు కూడా వంద గ్రాములు తగ్గుతుంది.

ఎయిర్‌వింగ్ అక్క:
చక్రాల్లేని స్పిట్‌ఫైరా! వెంచర్ రోడ్డు మీద లేపొచ్చుగా.

చిత్తూరు మామిడి:
రోడ్డుకు అటూ ఇటూ పాతిన సర్వే రాళ్లను ఎవరు పీకుతారు?

బాల్సా బాబాయ్:
కొట్టుకోండి, కానీ త్వరగా. చక్రాల కాళ్లు బిగించే చెక్క బ్లాకులు రెక్క లోపల రిబ్బులకు అతికించాలి, పైన షీటు మూసేశాక చోటుండదు. రెక్క మొదలుపెట్టే లోపు ఏదో ఒకటి తేల్చండి.