20 అడుగుల కప్పు కింద చదువుల గది: లైట్లు పైనే ఉంచాలా, కిందికి దించాలా?

పర్లాకిమిడి మాస్టారు:
మా ఊళ్లో ఒక పాత మేడను తెలుగు పిల్లలు సాయంత్రం పూట చదువుకునే గదిగా మారుస్తున్నాం. మద్రాసు టెర్రస్ కప్పు, అంటే టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో కట్టినది, నేల నుంచి 20 అడుగుల ఎత్తు. లైట్లన్నీ కప్పుకే ఉన్నాయి. ఒకటి పోతే రెండు నిచ్చెనలు తాడుతో జతకట్టి, కింద నలుగురు పట్టుకుని, ఒక కుర్రాణ్ణి ఎక్కిస్తున్నారు. నాకది చూస్తే గుండె ఆగినంత పనవుతోంది. మంచి ఎల్‌ఈడీలు కప్పుకే బిగించేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. మనిషి చేతికి అందే ఎత్తుకు దించాలని నేనంటున్నాను. పని తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం కాంట్రాక్టు:
కమిటీ మాటే సరైనది మాస్టారూ. ఎల్‌ఈడీకి 25,000 గంటలని డబ్బా మీదే రాస్తారు. రోజుకి 5 గంటలు వెలిగితే 13 ఏళ్లకు పైనే. అన్నేళ్లకొకసారి పరంజా కట్టించడం పెద్ద ఖర్చేం కాదు. ఆ కప్పు అందమంతా ఖాళీ ఎత్తులోనే ఉంది. లైట్లు దించడానికి మధ్యలో పైపులు వేలాడదీస్తే టేకు దూలాలు ఎవరికి కనబడతాయి? గోడలకు పెడదామంటే పిల్లల కళ్లలోకి కొడతాయి.

గుణుపురం వైర్‌మన్:
అన్నా, ఆ 25,000 గంటలు లోపల వెలుగిచ్చే చిప్పుల లెక్క. ముందు పోయేది డ్రైవరు, అంటే చిప్పులకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే భాగం. అందులోని కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమైపోద్ది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గదిలో వేడంతా ఎక్కడికి చేరుతుందో మీకు తెలీదా? సరిగ్గా ఆ కప్పు కిందికే. దానికి తోడు ఓల్టేజీ. 2018లో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో నేను మార్చినవి ఎక్కువ డ్రైవర్లే, చిప్పులు బాగానే ఉన్నాయి. 13 ఏళ్లని నమ్మి కప్పుకి బిగించీసారంటే మళ్లీ ఆ కుర్రాడే ఎక్కాల.

లైటు పైన ఉంచక తప్పదనుకుంటే డ్రైవరునైనా విడదీసి గోడ మీద చేతికందే పెట్టెలో పెట్టండి. అక్కడి నుంచి లైటుకి వైరు లాగితే చాలు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ కూడా వేయించండి, ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే అది కాపాడుద్ది.

బరంపురం కాంట్రాక్టు:
డ్రైవరు సంగతి ఒప్పుకుంటాను, పెట్టె మంచి ఉపాయం. అది చేస్తే ఇక దించాల్సిన పనేముంది?

పర్లాకిమిడి మాస్టారు:
ఉంది బాబూ. ఫ్యాన్లు పొడుగు కడ్డీలతో 10 అడుగుల ఎత్తుకి దిగి ఉన్నాయి. లైట్లు వాటిపైన ఉండబట్టి రెక్కల నీడ పుస్తకం మీద ఆడుతూనే ఉంటుంది. పిల్లలు తలనొప్పి అంటున్నారు. ఇక వెలుగు మాటకొస్తే, బల్ల రెండున్నర అడుగులు. కప్పు లైటుకీ బల్లకీ మధ్య పదిహేడున్నర అడుగులు. అదే లైటు 10 అడుగులకి దిగితే దూరం ఏడున్నరే. దూరం వర్గాన్ని బట్టి వెలుగు తగ్గుతుంది కాబట్టి, నేరుగా కింద ఉన్న బల్లకి 5 రెట్ల పైచిలుకు వెలుగొస్తుంది. చిన్న లైటుతోనే సరిపోతుంది. కప్పు అందం నాకూ ఇష్టమే. కానీ ఆ గది ఉన్నది చదువుకోడానికి.

సిరోంచ నుంచి:
మా దిక్కు ఒక ఫంక్షన్ హాల్ల పెద్ద దీపాల గుత్తికి చేతి వించ్, అంటే తాడు చుట్టే గిలక, పెట్టిర్రు. తిప్పితే నేలదాక దిగుతది, ఆడోళ్లు గూడ నిలబడి తుడుస్తరు. దుమ్ము, బూజు, పురుగులు పేరుకుంటే వెలుగు ఎంత తగ్గుతదో ఇక్కడ ఎవ్వలూ అనలే. బల్బు పోయినప్పుడే గాదు, తుడిచేటందుకు గూడ చెయ్యి అందాలె గద సార్. కానీ వించ్ పెడితే దాని తాడొక్కటే నమ్మొద్దు. పైకి పోయినంక బరువు మోసేటందుకు వేరే గొలుసు ఉండాలె. దించేటప్పుడు కరెంటు తీసెయ్యాలె, కింద ఎవ్వలూ నిలబడొద్దు.

బరంపురం కాంట్రాక్టు:
ఒక్క గుత్తికైతే వించ్ బాగుంటుంది. బల్లబల్లకీ లైటు ఉండే గదికి అన్ని వించ్‌లు ఎవరు పెడతారు?

గుణుపురం వైర్‌మన్:
అందుకే గట్టి పైపులు. వైరుతో వేలాడదీస్తే ఫ్యాను గాలికి ఊగుతాయి. ఫ్యానుకీ ఫ్యానుకీ మధ్య, రెక్కల కంటే కాస్త కిందగా రావాల.

నిచ్చెన గురించి అందరూ వినండి. వాలు నిచ్చెనని 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు దూరం చొప్పున గోడకి ఆనించాల. గది నడిమధ్య లైటుకి ఆనించడానికి గోడేది? అందుకే తాళ్లు కడుతున్నారు, అక్కడే మనుషులు పడిపోతున్నారు. 10 అడుగుల లైటుకైతే రెండు కాళ్ల మడత నిచ్చెన చాలు. అల్యూమినియంది వద్దు, ఫైబరు గానీ ఎండిన కర్ర గానీ వాడండి. స్విచ్ ఆపీసాం కదా అని హోల్డరు ముట్టుకోవద్దు. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా ఫేజు, అంటే షాక్ కొట్టే కరెంటు, హోల్డరులోనే ఉంటది. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి అప్పుడు చెయ్యి పెట్టాల.

పర్లాకిమిడి మాస్టారు:
పైపుల్ని కప్పులో ఎక్కడ బిగించాలి? మేస్త్రీ బోల్టులు కొడతానంటున్నాడు.

గుణుపురం వైర్‌మన్:
కొట్టనివ్వొద్దు మాస్టారూ! దూలాల మధ్య ఉండేది నిలువుగా పేర్చిన ఇటుక, సున్నం. డ్రిల్లు పెడితే ఇటుక వదులైపోద్ది, బోల్టు పట్టు నిలవదు. దూలం చుట్టూ ఇనప క్లాంపు వేసి దానికి పైపు తగిలించండి, టేకుకి ఒక్క మేకు కూడా పడదు. దీనికి మాత్రం పరంజా కట్టించండి, అందులో కాంట్రాక్టు అన్న చెప్పింది నిజమే. పరంజా వెడల్పు ఎత్తులో మూడో వంతుకి తగ్గకూడదు.

బరంపురం కాంట్రాక్టు:
అలాగైతే దూలాల వైపు వెలుగు పడేలా గోడ మీద 9 అడుగుల ఎత్తులో పైకి తిప్పిన లైట్లు రెండు పెట్టించండి మాస్టారూ. కప్పు కనబడుతుంది, వాటికీ మడత నిచ్చెన చాలు. అవి లేకుండా దించడానికి మాత్రం నేనింకా ఒప్పుకోను.

పర్లాకిమిడి మాస్టారు:
ఆ రెండూ పెట్టిస్తాను. ఆదివారం కమిటీ ముందు ఈ మాటలన్నీ చదివి వినిపిస్తాను.

గుణుపురం వైర్‌మన్:
దూలం వెడల్పు, లోతు కొలిచి ఇక్కడ పెట్టండి, క్లాంపు సైజు చెప్తాను. పరంజా ఎక్కినప్పుడు దూలం రెండు కొసలూ, గోడలోకి దిగే చోట, సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే చెద పట్టినట్టు. అలాంటి దూలానికి పైపు తగిలించొద్దు.