తలుపులన్నీ వేసినా చలిగాలి ఎక్కడి నుంచి వస్తోంది?

నల్లగొండ_పైపోర్షన్: కిటికీలన్నీ మూసినా తెల్లవారుజామున మంచం దగ్గర చల్లగాలి కొడుతోంది. పాపకు ఏడు నెలలు, ముక్కు పట్టేసి రాత్రంతా ఏడ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. కిటికీ అంచుల్లో గుడ్డలు కుక్కినా తేడా లేదు. ఎవరైనా ఇలాంటిది సరిచేసుకున్నారా?

మిర్యాలగూడ_అక్క: తమ్ముడూ, ముందు ఆ గుడ్డలు తీసెయ్. గాలి ఎక్కడ దూరుతోందో చూడకుండా మూస్తే పని రెట్టింపవుతుంది. గాలి వీచే రాత్రి సీలింగ్ ఫ్యాన్లు, పొయ్యి ఆపి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే వెయ్యి. అది లోపలి గాలిని బయటికి లాగేస్తుంటే, సందుల్లోంచి బయటి గాలి గట్టిగా లోపలికి వస్తుంది. అప్పుడు అగరుబత్తి వెలిగించి చౌకట్ల చుట్టూ, గడప దగ్గర మెల్లగా తిప్పు. పొగ వంకరపోయిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో. కర్టెన్లు జాగ్రత్త.

పాలమూరు_వడ్రంగి: వేపచెక్క తలుపులు వానాకాలం ఉబ్బుతాయి, చలికాలం ఆరి ముడుచుకుంటాయి. వానల్లో బిగుసుకుందని చిత్రిక పట్టించిన తలుపుకే ఇప్పుడు సందు వస్తుంది. రెక్క అంచుకు ఫోమ్ టేపు, కింద రబ్బరు పట్టీ చాలు. కానీ చాలామంది చౌకట్టుకూ గోడకూ మధ్య పగులును చూడరు. అక్కడ టేపు పనిచేయదు, సిలికాన్ నింపాలి. దుమ్ము పూర్తిగా దులిపాకే, లేదంటే నెలలోనే ఊడొస్తుంది.

దేవరకొండ_రేకులిల్లు: మాకు గోడ మీద రేకు వంపుల కింద సందులు. సిమెంటు పెడితే ఎండలకు రేకు సాగి పగిలింది. తర్వాత ఫోమ్ స్ప్రే కొట్టించి, బయటివైపు పెయింట్ వేయించాం. ఫోమ్‌కు ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది.

నల్లగొండ_పైపోర్షన్: అక్కా, దొరికింది! కిటికీ కానే కాదు. మంచం వెనక ఏసీ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం. చుట్టూ రెండు వేళ్లు పట్టేంత ఖాళీ. ఎం-సీల్‌తో మూశాను. కూలర్ కిటికీకి అడ్డుపెట్టిన ప్లైవుడ్ అంచులకూ టేపు వేశాను. బాత్‌రూమ్ వెంటిలేటర్ కూడా మూసేయనా?

మిర్యాలగూడ_అక్క: గ్యాస్ గీజర్ ఉందా?

నల్లగొండ_పైపోర్షన్: ఉంది.

మిర్యాలగూడ_అక్క: అయితే వెంటిలేటర్‌ను ముట్టుకోకు తమ్ముడూ. గీజర్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు వేసుకున్నా అంతే. బాత్‌రూమ్ తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించు, చలి గదిలోకి రాదు. వెంటిలేటర్ మాత్రం తెరిచే ఉండాలి.

నల్లగొండ_పైపోర్షన్: సరే అక్కా, పట్టీ రేపే వేయిస్తా. ఈ రాత్రి మంచం దగ్గర గాలి లేదు, పాప పడుకుంది.