షుగర్ ఉన్న ఇంట్లో ముద్దపప్పు అన్నం: గింజ మార్చాలా, పాళ్లు మార్చాలా?

గోదారి_పిల్ల

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర పల్లె. మా నాన్నకి 64 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగర్. మొన్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె) 8.4 వచ్చింది, డాక్టర్ గారు రాత్రి అన్నం బాగా తగ్గించమన్నారు. కానీ మా నాన్నకి రాత్రి భోజనం అంటేనే వేడి వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, మీద గరిటెడు నెయ్యి. ఎన్ని కూరలు వండినా చివరికి "కాస్త పప్పన్నం పెట్టమ్మా" అంటారు. పొలం నుంచి అలిసి వచ్చిన రోజుల నుంచీ ఆయనకి అదే అలవాటు.

అందుకని పప్పు, ఆవకాయ అలాగే ఉంచి బియ్యం పూర్తిగా మానేసి కొర్రలు వండుతున్నాను. పది రోజులైంది. మొదటి రెండు రోజులు ఏమీ అనకుండా తిన్నారు. మూడో రోజు నుంచి కంచంలో సగం వదిలేస్తున్నారు, గొంతు దిగట్లేదంటున్నారు. రాత్రి పదింటికి లేచి బిస్కెట్లు తింటున్నారని నిన్ననే తెలిసింది, ఏడుపొచ్చింది. అమ్మేమో "కాస్త అన్నమే పెట్టి పప్పు ఎక్కువ వెయ్యవే" అంటోంది. నాకు తెల్లన్నం చూస్తేనే భయంగా ఉంది. గింజ మార్చడం కరెక్టా, అమ్మ చెప్పినట్టు పాళ్లు మార్చడం కరెక్టా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

సీమ_రైతుబిడ్డ

చెల్లెమ్మా, కొర్రల మీద నమ్మకం పోగొట్టుకోవద్దు. మాది అనంతపురం జిల్లా. మా తాత చిన్నతనంలో వరన్నం పండక్కో పెళ్లికో తప్ప ఉండేది కాదు, రోజూ కొర్రన్నం, జొన్న సంగటి, రాగి ముద్ద. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మా ఊళ్లో ఆకలి తీరిన మాట నిజం, దానికి ఇప్పటికీ దండం పెడతాం. కానీ ఆ తర్వాత కొర్ర మడి కనిపించడమే తగ్గిపోయింది. కాబట్టి పప్పులోకి తెల్లన్నమే ఉండాలి, లేకపోతే అది భోజనమే కాదు అనే మాట నేను ఒప్పుకోను. మా జేజి కొర్రన్నంలోకే పప్పు కలుపుకుని తినేది, కమ్మగా తినేది.

గొంతు దిగట్లేదంటే నానబెట్టలేదేమో చూడు. కొర్రలు కనీసం ఆరేడు గంటలు నానాలి, పొద్దున నానేస్తే రాత్రికి సరిపోతాయి. గ్లాసు కొర్రలకి మూడు గ్లాసుల నీళ్లు పోసి సన్న సెగ మీద వండి, దించాక పదిహేను నిమిషాలు మూత తియ్యకుండా ఉంచు. పొడిపొడిగా కాకుండా కాస్త మెత్తగా ఉంటేనే ముద్దపప్పుతో కలుస్తుంది. ఇంకో మాట, బాగా పసుపుపచ్చగా, నున్నగా మెరిసే కొర్రలు కొంటే తవుడు పోయినట్టే, వాటికీ బియ్యానికీ పెద్ద తేడా ఉండదు. మసకగా ఉండేవి అడిగి తెచ్చుకో. మా అమ్మ ఏడాదిన్నరగా రాత్రి పూట ఇదే తింటోంది, షుగర్ అదుపులోకి వచ్చింది.

వంటింట్లో_ముప్ఫై_ఏళ్లు

అమ్మాయ్, నేను మీ అమ్మ వైపే.

తమ్ముడు చెప్పిన వంట పద్ధతి బాగుంది, కాదనను. కానీ ముందు లెక్క చూడు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 345 కేలరీలు ఉంటే వంద గ్రాముల కొర్రల్లో సుమారు 330. కొర్రల్లో మాంసకృత్తులు ఎక్కువ, పీచు ఎక్కువ, అంతవరకు నిజమే. కానీ కొర్రలు కదా ఏం కాదులే అని నాలుగు గరిటెలు పెడితే రక్తంలోకి వెళ్లేది చక్కెరే. మా ఆడపడుచు ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. చిరుధాన్యాలంటే మందులాంటివి అనుకుని ఆర్నెల్లు కడుపునిండా తిన్నారు, ఆయనకి షుగర్ ఏమీ తగ్గలేదు.

అసలు తప్పు బియ్యానిది కాదు, కంచంలో దాని వాటాది. ముద్దపప్పు అన్నం అంటాం గానీ మనం తినేది అన్నంలో కొంచెం పప్పు. మా ఇంట్లో ఇదివరకు మనిషికి 120 గ్రాముల బియ్యం వండితే కందిపప్పు 25 గ్రాములు ఉండేది. ఇప్పుడు 50 గ్రాముల బియ్యం, 45 గ్రాముల పప్పు. పిండిపదార్థం లెక్కేస్తే పాత కంచంలో దాదాపు 108 గ్రాములు, కొత్త కంచంలో 65. ఖాళీ అయిన చోట బీరకాయ కూరో సొరకాయ కూరో, తాలింపులో నూనె ఎక్కువ పడకుండా, అన్నానికి సమానంగా. ముందు ఆ కూర సగం తినేసి తర్వాత పప్పన్నం కలుపుకోవాలి, అలా తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. రుచి మాత్రం పాతదే. మీ నాన్నగారు వదిలెయ్యరు, బిస్కెట్ల డబ్బా వైపు వెళ్లరు. మనిషి తినని ఆరోగ్యకరమైన వంట ఎవరికి ఉపయోగం చెప్పు?

పప్పు ఎక్కువ తినాలంటే పప్పు బాగుండాలి, అది కూడా చూసుకో. నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించు, ఎర్రబడనివ్వకు. నీళ్లు తక్కువ పోసి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, ఉప్పు వేసి, వేడి మీదే పప్పుగుత్తితో మెదుపు. మిక్సీలో వెయ్యకు, జిగురొస్తుంది. నెయ్యి గరిటెతో కాదు, టీ చెంచాతో. అదీ వంటలో వెయ్యకుండా తినేటప్పుడు పైన వెయ్యి, వాసన ముక్కుకి తగులుతుంది కాబట్టి చెంచాడే చాలనిపిస్తుంది.

సీమ_రైతుబిడ్డ

అక్కా, వాటా మాట ఒప్పుకుంటాను. నాలుగు గరిటెలు తినమని నేనూ అనను. కానీ అదే 50 గ్రాములు బియ్యం బదులు కొర్రలు పెడితే ఇంకా మంచిదే కదా? రెండూ చెయ్యొచ్చు. మీరు చెప్పినదాంట్లో నాకు నచ్చనిది ఒకటే, తెల్లబియ్యానికి తప్పేమీ లేదన్నట్టు రాయడం. ముప్ఫై ఏళ్లలో మా ఊళ్లో షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. పొలం పని తగ్గింది, పని తగ్గినా కంచంలో అన్నం తగ్గలేదు. నాకిది పుస్తకంలో మాట కాదు, మా నాన్న కాలివేలు తీసేశారు.

వంటింట్లో_ముప్ఫై_ఏళ్లు

నాన్నగారి సంగతి తెలీదు తమ్ముడూ, బాధపెట్టి ఉంటే క్షమించు. నువ్వన్నట్టు 50 గ్రాముల కొర్రలు ఆయన ఇష్టంగా తింటే అంతకన్నా కావాల్సిందేముంది. తినకపోతే ఏం చెయ్యాలన్నదే నా మాట.

కరీంనగర్_వరి

వరి పండించేవాణ్ని కాబట్టి ఒక మాట చెప్తా. బియ్యం అంటే ఒకటే రకం కాదు. మా దగ్గర అందరూ వేసే ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన సన్నరకం. గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 55 లోపే అని పరీక్షల్లో వచ్చింది. దాన్ని పట్టుకుని కొన్ని దుకాణాల్లో షుగర్ లేని బియ్యం అని బోర్డులు పెట్టి అమ్ముతున్నారు, అది తప్పు, ఎవరూ నమ్మకండి. అదీ బియ్యమే, కొలిచే తినాలి. కాకపోతే మామూలు సన్నబియ్యం కంటే కొంత నయం.

రెండోది పాలిష్. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర చూస్తే, అది 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి ఒక చిన్న గదిలో మొదలైంది. మిల్లులో తెల్లగా పట్టిన బియ్యం మీదే బతికేవాళ్లకి బీ1 విటమిన్ అందక వచ్చే జబ్బది. అంటే తవుడు సంగతి వందేళ్ల కిందటే తెలుసు, అయినా మిల్లుకి పోయి తెల్లగా ముత్యాల్లా పట్టమని అడుగుతున్నది మనమే. నేను ఇంటికి వాడే బియ్యం ఒక్కసారే పట్టిస్తా. వండితే కొంచెం ముదురు రంగు, ఓ పది నిమిషాలు ఎక్కువ ఉడకాలి, అంతే. మా ఇంట్లో పిల్లలు కూడా తింటరు. కొర్రలకి, తెల్లన్నానికి మధ్య ఈ దారి కూడా ఉందని చెప్తున్నా.

వార్డు_నర్సు

గింజ గురించే అందరూ మాట్లాడుతున్నారు, ఆవకాయ గురించి ఒక్కరూ ఎత్తలేదు. పదహారేళ్లుగా వార్డులో చూస్తున్నాను, షుగర్ పేషెంట్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. మా ఇంటి కొలత ప్రకారం రెండు కిలోల ముక్కలకి అర కిలో కారం, అర కిలో ఆవపిండి, 400 గ్రాముల ఉప్పు, కిలో నూనె. అంటే మొత్తం 4.4 కిలోల్లో 400 గ్రాములు ఉప్పే. ఇరవై గ్రాముల ఆవకాయ, అంటే ఒక ముక్కా కాస్త పిండీ, తింటే దాదాపు 1.8 గ్రాముల ఉప్పు పోతుంది. రోజంతటికీ అయిదు గ్రాములు దాటొద్దని చెబుతారు. పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు కలుపుకుంటే రాత్రి భోజనంతోనే దాటిపోతుంది. ఆవకాయ తినేరోజు పప్పులో ఉప్పు వెయ్యకండి, రెండూ కలిపితే రుచి అదే సరిపోతుంది.

ఇంకా ముఖ్యమైన రెండు సంగతులు. గోదారి గారూ, మీ నాన్నగారు గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, మందు డోసు అలాగే ఉంచి అన్నం సగానికి తగ్గిస్తే రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. పదింటికి లేచి బిస్కెట్లు తింటున్నారంటే అది జిహ్వచాపల్యమే అనుకోకండి, షుగర్ పడిపోయి ఆకలేసి కూడా లేచి ఉండొచ్చు. చెమటలు, వణుకు ఉన్నాయా అడగండి, ఆ టైములో గ్లూకోమీటర్‌తో ఒకసారి చూడండి, 70 కంటే తక్కువుంటే మర్నాడే డాక్టర్‌కి చెప్పండి. రెండోది, క్రియాటినిన్ ఎంతుందో చూశాకే పప్పు పెంచండి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి పప్పు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. ఇది అందరికీ ఒకే సలహా కాదు.

ఫ్రిస్కో_కోడలు

మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడా ఇదే గొడవ. మా మామయ్యగారు వచ్చి ఆర్నెల్లుంటారు, బ్రౌన్ రైస్ వండితే చేతిలోకి తీసుకుని చూసి పక్కన పెట్టేవారు. వాదించడం మానేసి మీటర్‌తో తేల్చుకున్నాం. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకి ఒకసారి. ఒక్కో రకం రెండు మూడు రోజులు. ఆయన చేతనే పుస్తకంలో రాయించాం. అంకెలు ఆయనే రాసుకున్నాక మేం చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంకో మార్పు కూడా చేశాం. తొమ్మిదిన్నరకి తినేది ఏడింటికి తెచ్చి, తిన్నాక ఇరవై నిమిషాలు ఇంట్లోనే నడిచేవారు. గింజ మార్చినదానికన్నా మా ఇంట్లో దానివల్లే ఎక్కువ తేడా కనిపించింది.

గోదారి_పిల్ల

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

ముందు నర్సు గారికి చేతులెత్తి దండం. పదింటికి లేచినప్పుడు చూస్తే 66. చెమటలు పడుతున్నాయని నాన్న మాకు చెప్పనే లేదు, పెద్దవయసు అనుకున్నారట. మర్నాడే వెళితే డాక్టర్ గారు రాత్రి మాత్ర డోసు తగ్గించారు. నేను తిండి దొంగతనం అనుకుని ఆయన మీద విసుక్కున్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండట్లేదు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది, పప్పు పెంచొచ్చన్నారు.

మందు మారాక వారం ఆగి, ఒక్కో రకం మూడేసి రోజులు చూశాం. సగటు అంకెలు ఇవి. నానబెట్టి మెత్తగా వండిన కొర్రలు పాత లెక్కలోనే, అంటే మూడు గరిటెలు, పప్పు కొంచెం: తినే ముందు 142, రెండు గంటలకి 226. తెల్లన్నం 50 గ్రాముల బియ్యంతో, పప్పు 45 గ్రాములు, ముందు బీరకాయ కూర: 138 నుంచి 181. అవే పాళ్లు, బియ్యం బదులు కొర్రలు: 140 నుంచి 172. మా నాన్న ఒక్కరివి, తొమ్మిది రోజులవి, అందరికీ ఇలాగే రావాలని లేదు.

అమ్మ అన్నది చాలావరకు నిజమే. సీమ అన్నయ్య అన్నదీ నిజమే, పాళ్లు మార్చాక కొర్రలు పెడితే ఇంకొంచెం తగ్గింది. నానబెట్టి వండాక నాన్న కొర్రన్నం వదిలెయ్యట్లేదు, కానీ వారానికి రెండు రోజులే అన్నారు, మిగతా రోజులు ఒక పట్టు బియ్యం. ఏడున్నరకల్లా తినేస్తున్నారు. నెయ్యి చెంచా దగ్గర మాత్రం రోజూ బేరమే, నిన్న రెండు చెంచాలు వేయించుకున్నారు.

సీమ_రైతుబిడ్డ

అంకెలు పెట్టినందుకు సంతోషం చెల్లెమ్మా. వారానికి రెండు రోజులు అంటే కూడా మంచిదే. మూడు గరిటెల కొర్రలకి 226 వస్తుందని నేను అనుకోలేదు. మా అమ్మకి ఎంత పెడుతున్నామో ఈ రోజు నుంచి తూకం వేసి చూస్తా. కొర్రల మంచితనం మీద నా మాట మాత్రం మారదు.

గోదారి_పిల్ల

చూసి చెప్పు అన్నయ్యా. ఇంకొకటి అడగాలి. ఈసారి ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గించి పెడదామంటే, బూజు పట్టి జాడీ అంతా పారబొయ్యాలి అంటోంది అమ్మ. ఎవరైనా తక్కువ ఉప్పుతో పెట్టారా?

వంటింట్లో_ముప్ఫై_ఏళ్లు

అమ్మ మాట విను, జాడీలో తగ్గించకు, ఏడాది నిల్వ ఉండేది ఆ ఉప్పు వల్లే. మీ నాన్నగారి కోసం విడిగా ఒక కాయ ముక్కలతో చిన్న సీసాలో సగం ఉప్పేసి పెట్టి, మొదటి రోజు నుంచే ఫ్రిజ్‌లో ఉంచు. వారం పది రోజుల్లో అవగొట్టెయ్యాలి. తడి చెంచా పెట్టకు.