అప్‌డేట్: అల్యూమినియం ముక్క సాంద్రత 2.45 ఎందుకు వచ్చింది?

27.0 గ్రాముల అల్యూమినియం ముక్కను కొలజాడీలో వేస్తే నీరు 50 నుంచి 61 మి.లీ.కి పెరిగింది, సాంద్రత 2.70 రావాల్సింది 2.45 వచ్చిందేమని అడిగాను. సమాధానాలు చెప్పిన అందరికీ ధన్యవాదాలు. విషయం తేలింది.

ద్రవ్యరాశిలో తేడా లేదు, తేడా అంతా ఘనపరిమాణంలోనే. 1 మి.లీ. గీతలున్న జాడీలో ఒక్కో రీడింగు అర మి.లీ. అటూఇటూ పోవచ్చు. రెండు రీడింగులూ కలిస్తే 10 మి.లీ. వస్తువుకు 10 శాతం దాకా తప్పు! పైగా ముక్కకు అంటుకున్న గాలి బుడగలు ఘనపరిమాణాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి.

ఇక్కడ సూచించిన వేలాడదీసే పద్ధతి చాలా బాగుంది. నీళ్ల బీకరును డిజిటల్ త్రాసు మీద పెట్టి సున్నా చేయాలి. ముక్కను సన్నని దారంతో పూర్తిగా ముంచాలి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. తగిలితే ముక్క బరువు కూడా త్రాసు మీద పడుతుంది. నీరు ముక్కను పైకి నెట్టినంత బలంతో ముక్క నీటిని కిందికి నెడుతుంది కాబట్టి, త్రాసు చూపేది తొలగిన నీటి ద్రవ్యరాశి. 10.0 గ్రాములు చూపింది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత 0.998 కనుక ఘనపరిమాణం 10.02 ఘన సెం.మీ., సాంద్రత 2.69.

బుడగలు పోవడానికి నీటిలో ఒక చుక్క ద్రవ సబ్బు చాలు. తేలే వస్తువైతే సన్నని సూదితో పూర్తిగా మునిగేదాకా నొక్కి పట్టుకోవాలి, లెక్క మారదు.