మైలుతుత్తం మానేసి క్లోరిన్‌కు మారాలనుకున్నాను: మెట్లు నల్లబడ్డాయి, నా జుట్టు ఆకుపచ్చగా మారింది

లెక్కల సార్, హనుమకొండ

నమస్కారం. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. హసన్‌పర్తి దారిలో మా అబ్బాయి ఇల్లు కట్టి, వెనకాల ఈత కొలను కూడా కట్టించి, తాళాలు నా చేతిలో పెట్టి విమానం ఎక్కేశాడు. పొడవు 30 అడుగులు, వెడల్పు 15, సగటు లోతు నాలుగున్నర. అంటే సుమారు 57,000 లీటర్లు. ఇసుక ఫిల్టరు ఉంది. నీళ్లు బోరువే.

కట్టిన మేస్త్రీ చెప్పినట్టు పదిహేను రోజులకోసారి 100 గ్రాముల మైలుతుత్తం, మురికి కనిపిస్తే పటిక వేస్తూ రెండేళ్లు నడిపాను. పాచి పట్టలేదు, నిజమే. కానీ తెల్ల తువ్వాళ్లకు నీలి చార పడుతోంది. దసరాకు మనవలు వస్తున్నారు, చిన్నవాడు ఈతకన్నా నీళ్లు మింగడమే ఎక్కువ. అందుకని క్లోరిన్‌కు మారదామని మొన్న సాయంత్రం కిలో బ్లీచింగ్ పౌడరు కలిపి పోశాను. తెల్లారేసరికి నీళ్లు మసకబారాయి, మెట్ల అంచులు కాటుక పూసినట్టు నల్లబడ్డాయి. అదే నీటిలో రెండు రోజులు ఈదితే నెరిసిన నా జుట్టు లేత ఆకుపచ్చకు తిరిగింది. గోరింటాకు పెట్టుకోమని మా ఆవిడ సలహా, నవ్వు ఆపుకుంటూ. ఎక్కడ తప్పు చేశాను?

మానేరు ఒడ్డు, కరీంనగర్

సార్, ఏం కంగారు పడకండి. క్లోరిన్ మాత్రలు తెచ్చి తేలే డబ్బాలో వేసి వదిలేయండి. ఇక వేరే పనే ఉండదు.

కొలను కాపరి

పై సలహా ఇప్పుడే పాటించకండి సార్. పదకొండేళ్లుగా కొలనుల పనిలో ఉన్నాను, ఈ నల్ల మెట్లు చాలాసార్లు చూశాను.

మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. మీ లెక్క ప్రకారం ఏడాదికి 2.4 కిలోలు, అంటే 600 గ్రాముల రాగి. అంతా నీటిలోనే ఉంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటేది. కొంత పటికతో అడుగుకు దిగి, కొంత ఫిల్టరు కడిగినప్పుడు పోయి ఉంటుంది. నీరు ఆవిరైనా రాగి ఆవిరి కాదు. తాగునీటికి మన జాతీయ ప్రమాణం 0.05, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. పైగా రాగి పాచిని చంపుతుంది కానీ, పిల్లలు మింగే నీటిలోని క్రిములను క్లోరిన్ అంత త్వరగా చంపదు. కాబట్టి మారాలన్న మీ ఆలోచన సరైనదే, వరస తప్పింది. రాగి ఉన్న నీటిలో బ్లీచింగ్ పడితే పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార కొలత) పెరిగి, రాగి విడిపోయి గచ్చుకు అంటుకుంటుంది. జుట్టుకు రంగు తెచ్చిందీ ఆ రాగే, నింద మాత్రం క్లోరిన్ మోస్తుంది.

ముందు నీరు మార్చాలి. అయితే వానలు వెళ్లిన ఈ రోజుల్లో భూగర్భ జలం పైకి ఉంటుంది. కొలను పూర్తిగా ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి అడుగు పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది. సగం తీసి నింపండి, ఒక రోజు మోటారు నడిపి మళ్లీ సగం తీసి నింపండి. తీసిన నీరు చెరువు వైపు, చేపల గుంట వైపు పోకూడదు, రాగి చేపలకు విషం. బావికి దూరంగా ఖాళీ నేలలో కొద్దికొద్దిగా ఇంకనివ్వండి.

తర్వాత పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్యకు తెచ్చాకే క్లోరిన్. 7.5 దగ్గర సగం క్లోరిన్ పనిచేసే రూపంలో ఉంటుంది, 8 చేరితే నాలుగో వంతే. మన బోరు నీళ్లకు ఇదే పెద్ద తలనొప్పి. వాటిలో సున్నమూ ఉంటుంది కాబట్టి బ్లీచింగ్ పౌడరూ వద్దంటాను: సున్నం మీద సున్నం. ద్రవ క్లోరిన్ (సోడియం హైపోక్లోరైట్) వాడండి. పది శాతం ద్రవమైతే మీ కొలనుకు 570 మిల్లీలీటర్లకు ఒక పాయింటు, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, పెరుగుతుంది. డబ్బా నీడలో పెట్టండి, ఎండకు దాని బలం పోతుంది.

మెట్ల మచ్చల మీద, క్లోరిన్ తగ్గాక, నిమ్మ ఉప్పు మూటగట్టి కాసేపు అదిమి చూడండి. తేలికపడితే అది లోహపు మచ్చే.

లెక్కల సార్, హనుమకొండ

రెండుసార్లు సగం తీస్తే పాత నీరు నాలుగో వంతు మిగులుతుంది, ఖర్చయ్యేది ఒక కొలను నీరే. ఈ పాఠం ఎనిమిదో తరగతికి చెప్పాను, నాకే తట్టలేదు! మరి ఆ మాత్రలు ఎందుకు వద్దు?

కొలను కాపరి

పూర్తిగా వద్దని కాదు. ఎండ క్లోరిన్‌ను గంటల్లో తినేస్తుంది, దానికి గొడుగు పట్టేది సయనూరిక్ ఆమ్లం. 30 పాయింట్లు ఉంటే చాలు, మీకు 1.7 కిలోలు. మాత్రల్లో ఇది కలిసే వస్తుంది: పది పాయింట్ల క్లోరిన్‌తో ఆరు పాయింట్లు. రోజుకు రెండు పాయింట్లు వాడితే నెలకు 36 పేరుకుంటుంది. నాలుగు నెలలకు గొడుగు ఎంత పెద్దదవుతుందంటే, క్లోరిన్ ఉండి కూడా లేనట్టే. అప్పుడు మళ్లీ నీరు మార్చాలి. ఊరెళ్లినప్పుడు మాత్రలు వేసుకోండి.

ఇంకొకటి. మాత్రల పొడి, బ్లీచింగ్ పౌడరు ఒకే మగ్గుతో తీయకండి. మా కుర్రాడు ఒకసారి తీశాడు. బుస్సుమని పొగ, వెంటనే మంట. కనుబొమ్మలు కాలాయి, కళ్లు దక్కాయి. ఆమ్లం సీసాను కూడా క్లోరిన్ పక్కన పెట్టకండి.

మానేరు ఒడ్డు, కరీంనగర్

నా కొలనులో నురగలా పాచి ఎందుకు పోవడం లేదో ఇప్పుడు అర్థమైంది. మూడేళ్లుగా మాత్రలే.

లెక్కల సార్, హనుమకొండ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. రెండు విడతలకూ కలిపి బోరు అందించినంత అందించింది, మిగతాది నాలుగు ట్యాంకర్లు. ఆమ్లం పోసి పీహెచ్ 7.4కు తెచ్చాను. చీకటి పడ్డాక మూడు లీటర్ల ద్రవ క్లోరిన్ పోస్తే 5 చూపింది, తెల్లారి చూస్తే 2. ఎండ లేని రాత్రిలో మూడు పాయింట్లు ఎవరు తిన్నారు? పాత మురికే అనుకుని నాలుగు రాత్రులు అలాగే పోశాను. నిన్న రాత్రి 4, ఈ ఉదయం మూడున్నర. మొదటి మెట్టు తెల్లబడింది, రెండోది ఇంకా మొండికేస్తోంది.

ఒక చిన్న సందేహం. సద్దుల రోజు బతుకమ్మను ఈ కొలనులోనే వదలొచ్చా అని మా ఆవిడ అడుగుతోంది.

కొలను కాపరి

దండం పెడతాను సార్. రంగులద్దిన గునుగు, బుట్టెడు తంగేడు పడితే మీ మూడున్నర పాయింట్లు పూటకు మించి ఉండవు. పద్మాక్షి గుట్టకే తీసుకెళ్లండి.

లెక్కల సార్, హనుమకొండ

చెప్పాను. పద్మాక్షి గుట్టకే వెళ్తుందట, కానీ ఆకుపచ్చ జుట్టుతో నన్ను పక్కన నిలబెట్టుకోదట.