సమస్యాపూరణం: నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

నిర్వాహకుని మాట (కర్నూలు)

ఈ వారపు సమస్య ఆటవెలదికి నాలుగవ పాదం:

నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

నీటి బుడగ అనగానే మన కలం తనంతట తాను వేదాంతం వైపు పోతుందని తెలుసు కనుక ముందే ఒక నియమం పెట్టాను. పూరణకు వస్తువు తాగే సోడా కలిపి ఇంట్లో కాల్చుకొనే మెత్తని బిస్కట్లే కావాలి. ఇక్కడ బిస్కటంటే టీలో ముంచుకొనే కరకరలాడే బిళ్ళ కాదు. అమెరికాలో, అందునా దక్షిణాది రాష్ట్రాలలో, ఉదయపు ఫలహారంలో తినే చిన్న బన్ను వంటి రొట్టె. ఇది ఈస్టు లేకుండానే పొంగుతుంది. రెండుసార్లు కాల్చినది అని అర్థమిచ్చే లాటిన్ మాట నుండి పుట్టిన ఆ పేరు ఈ మెత్తని వంటకు బొత్తిగా అతకదు గాని, ఆ తగాదా మనది కాదు.

వంట తెలియకుండా పద్యం కట్టవద్దని కొలతలు కూడా ఇచ్చాను. రెండు కప్పుల మైదాకు మూడు చెంచాల బేకింగ్ పౌడరు, అర చెంచా ఉప్పు కలిపి, అర కప్పు గట్టి పెరుగు, అర కప్పు చల్లని నిమ్మరుచి సోడా పోసి, పిండి ముద్దకు రాగానే చేయి ఆపాలి. పావు కప్పు కరిగిన వెన్నను పళ్ళెంలో పోసి, అందులో ముక్కలను పేర్చి, 220 డిగ్రీల వేడిలో 12 నుండి 15 నిముషాలు కాల్చాలి.

వేదాంత పూరణలు అయినా వచ్చాయి. వాటిని పక్కన పెట్టాను.

మొదటి పూరణ (నంద్యాల సభ్యుడు)

చల్లనైన సోడఁ జల్లి మైదాపిండి
వెన్న పెరుగు కలిపి పిసుకకుండఁ
గాల్చ నుబ్బినట్టి కమ్మని బిస్కటన్
నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

విమర్శ: బిస్కటునే నీటి బుడగగా రూపించడం సూటి మార్గం. ఈ పద్యంలో నాకు నచ్చినది రూపకం కాదు, ‘పిసుకకుండ’ అన్న ఒక్క మాట. చపాతీ పిండిని మర్దించినట్లు దీనిని మర్దిస్తే గోధుమలోని జిగురు సాగి, తీగలు తీగలుగా అల్లుకొని, ముద్ద రబ్బరు వలె బిగుస్తుంది. లోపలి గాలి కూడా వెళ్ళిపోతుంది. ‘చల్లనైన’ అన్న విశేషణం కూడా గణపూరణకు పడిన మాట కాదు, ఎందుకంటే చల్లని నీటిలో సోడా వాయువు (కార్బన్ డయాక్సైడు) ఎక్కువగా కరిగి నిలుస్తుంది. మన ఎండలకు వెచ్చబడిన సీసాను మూత తీయగానే సగం బలం గాలిలోనే పోతుంది. యతి విషయంలో రెండవ పాదాన వె-పి మైత్రి సరిగానే ఉన్నది.

రెండవ పూరణ (కడప సభ్యుడు)

కడప బండ యనఁగఁ గట్టిగా వచ్చెను
తొలుత, గోలిసోడ తోడఁ గలుపఁ
బొంగె దూదివోలె, బుగ్గలా మెత్తని
నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

విమర్శ: సొంత ఊరి బండను సొంత బిస్కటుకు ఉపమానం చేసిన నిజాయితీని మెచ్చుకోవాలి. ‘బుగ్గ’ అనేది ఇక్కడ చాలా పని చేస్తున్నది. చెంప అన్నా సరే, ఊదిన బుగ్గ అన్నా సరే, బుగ్గ రామలింగేశ్వరుని తాడిపత్రి వారికి తెలిసినట్లు నీటి ఊట అన్నా సరే, మూడు అర్థాలూ బుడగ వైపే చూస్తాయి. అయితే అరసున్నలు పెట్టి రాసిన పద్యంలో ‘బుగ్గలా’ అన్న వాడుక రూపం పంటి కింద రాయి. ‘బుగ్గలా మెత్తని’ అన్న చోట ‘బుగ్గను బోలెడి’ అని దిద్దితే గణాలు చెదరవు, అర్థమూ చెదరదు.

తాడిపత్రి సభ్యురాలి వ్యాఖ్య: అన్నగారూ, కడప బండను నింద చేయవద్దు. మా వంటింటి గట్టు ఆ బండదే. చల్లగా ఉంటుంది కనుక ఈ పిండిని తట్టి ముక్కలు కోయడానికి దానికన్నా మంచి చోటు నాకు దొరకలేదు. నిమ్మ సోడా ఒలికితే మాత్రం వెంటనే తుడవాలి, లేకపోతే మెరుపు పోయి తెల్లని మరక పడుతుంది.

నిర్వాహకుడు: ఆ మరక కూడా మన సమస్యలోనిదే, అక్కగారూ. కడప బండ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే అది కొద్దిగా కరిగి, సోడాలో ఉన్న ఆ వాయువునే విడుస్తుంది. జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో సోడానీటిని తయారుచేసే పద్ధతిని ప్రచురించినప్పుడు వాయువు కోసం గంధకామ్లాన్ని (సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని) పోసినది సుద్ద మీదనే. సుద్దలోనూ మీ గట్టులోనూ ఉన్న ముఖ్య పదార్థం ఒక్కటే. గోలీసోడా సీసాకు హైరం కాడ్ పేటెంటు పొందినది ఆ తరువాత నూరేళ్ళకు, 1872లో.

మూడవ పూరణ (ఆదోని సభ్యుడు, తొలి ప్రయత్నం)

కుక్కరందు నుప్పు కొంచెమే పోసియు
విజిలు తీసి పెట్టి వేడి చేసి
పళ్ళెమందు నుంచ నలుబది నిముషాలు
నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

విమర్శ: ఓవెను లేని ఇంటిని పద్యంలోకి తెచ్చినందుకు ముందుగా అభినందన. అడుగున ఉప్పు పోసి, విజిలూ రబ్బరూ తీసివేసి, కుక్కరును పొడి వేడికి వాడుకోవడం మన ఇళ్ళలో కేకుల కోసం చాలా కాలంగా ఉన్నదే. మొదటి రెండు పాదాలకు యతి కుదిరింది, కాని ‘పోసియు’లోని ‘యు’ కేవలం గణం నింపడానికి వచ్చింది. ‘కొంత పోసిన మీఁద’ అనవచ్చు. మూడవ పాదంలో ప-నకు మైత్రి లేదు కనుక యతిభంగం. దానికి తోడు వంటభంగం కూడా: కుక్కరు ముందే వేడెక్కి ఉంటే నలభై నిముషాలలో ఆ చిన్న ముక్కలు కడప సభ్యుని తొలి బిస్కట్లకు తోబుట్టువులు అవుతాయి.

పళ్ళెమందు నుంచి బాగుగాఁ గాల్చిన

అని మార్చితే రెండు దోషాలూ ఒకేసారి తొలగుతాయి.

నాలుగవ పూరణ (కడప నుండి, రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

బొగ్గుపులుసు గాలి పొంగించె ముద్దను
గాలి వెడలె, గూడు గట్టిపడెను
బుడగ లేనె లేదు. ముక్కలో మఱి యెట్లు
నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు?

విమర్శ: ఈ పద్యం మీద వచ్చినంత చర్చ మరి దేని మీదా రాలేదు. కాకువుతో, అంటే పలికే తీరు మార్చి, సమస్యను ప్రశ్నగా మార్చడం అవధానాలలో చెల్లే పద్ధతే. మూడవ పాదంలో బు-ములకు మైత్రి ఏమిటని ఇద్దరు అడిగారు; అది ముకారయతి, పు ఫు బు భులకు ము చెల్లుతుంది. అర్థం మాట కొస్తే, ‘బొగ్గుపులుసు గాలి’ అంటే సోడాలోని ఆ వాయువే; బిస్కటు పొంగే క్రమాన్ని రెండు పాదాలలో ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదు. వేడికి వాయువు వ్యాకోచించి ముద్దను లేపుతుంది, పిండి ఆ ఆకారంలోనే ఉడికి గట్టిపడుతుంది, వాయువు తన దారిన తాను పోతుంది, మనకు మిగిలేది అది కాపురమున్న గూడు.

తాడిపత్రి సభ్యురాలు: శాస్త్రం బాగున్నది, సరే. కాని సమస్య ఇచ్చిన వారు కడుపు నిండిందన్నారు. ఈయన ఎట్లు నిండిందని మనలనే ఎదురు అడుగుతున్నారు. వడ్డించిన విస్తరి ముందు కూర్చొని ఇది అన్నమేనా అని అడిగినట్లున్నది.

అధ్యాపకుడు: అక్కగారూ, అడిగినది తింటూనే అడిగాను.

నిర్వాహకుడు: ఆమె ఆక్షేపణలో బలం ఉన్నదని నా అభిప్రాయం. పైగా ముద్ద అన్నారు, ముక్క అన్నారు, బిస్కటు పేరు మాత్రం ఎత్తలేదు. నియమం తెలియని పాఠకుడు దీనిని ఇడ్లీకి అన్వయించుకున్నా తప్పు పట్టలేము.

అయిదవ పూరణ (అనంతపురం సభ్యురాలు)

బడిని విడిచి వచ్చు బాలల కొఱకునై
పావుగంట లోనె వండినాను
చాలఁ బొంగఁజేయు చక్కెర గల సోడ
నీటి బుడగ తినఁగ నిండెఁ గడుపు

విమర్శ: సమస్యను ముట్టుకోకుండా దాని ముందు ‘సోడ’ను నిలిపి ‘సోడనీటి బుడగ’ చేయడం అన్నిటికన్నా తేలిక దారి, ఇంతమందిలో ఈమెకు తప్ప ఎవరికీ తోచని దారి. ‘చక్కెర గల’ అన్నది కూడా అవసరమైన మాటే. తియ్యని సోడాలోని చక్కెర పై పొరకు ఎర్రని రంగు తెస్తుంది, ఉత్త సోడాతో చేస్తే అవి పాలిపోయి కనబడతాయి. ‘వండినాను’ కన్నా ‘కాల్చినాను’ నిజానికి దగ్గర, కాని యతి పోతుంది కనుక అడగను.

నా అభ్యంతరమంతా ‘చాలఁ బొంగఁజేయు’ మీద. సోడాలోని వాయువులో చాలా భాగం పోసి కలిపేటప్పుడే పోతుంది. మిగిలినది పిండిని తేలిక చేస్తుంది, దాని పులుపు బేకింగ్ పౌడరులోని వంటసోడాను రేపుతుంది, కాని పొంగులో పెద్ద వాటా బేకింగ్ పౌడరుదే. ఆ పొడిని మరచి సోడా ఒక్కదాన్నే నమ్మిన వారి పళ్ళెంలో మిగిలేది కడప సభ్యుని తొలి బిస్కట్ల వంటి బండలే.

అనంతపురం సభ్యురాలు: ఒప్పుకున్నాను, గురువుగారూ. మూడవ పాదాన్ని ఇట్లు దిద్దుతున్నాను:

సగము పొంగఁజేయు చక్కెర గల సోడ

నిర్వాహకుడు: స-చలకు మైత్రి ఉన్నది, గణాలు నిలిచాయి. సగమన్నది కూడా సోడాకు ఎక్కువే అని అధ్యాపకుడు విడిగా రాశారు గాని, పద్యానికి ఆ మాత్రం పొంగు ఉండనిద్దాం. ఈ వారం మొదటి స్థానం ఈ పూరణకు, ‘పిసుకకుండ’ అన్న మాట కోసం రెండవ స్థానం నంద్యాల పూరణకు.

వచ్చే వారానికి తాడిపత్రి అక్కగారు కోరి ఇచ్చిన సమస్య, ఇదీ ఆటవెలదిలోనే:

కడప బండ నమల కరఁగిపోయె