20 సెం.మీ. పలక అంచుకు వెలుగు రావట్లేదు: డాట్ల తప్పా, ప్లాస్టిక్ తప్పా?

నల్లగొండ_కెమ్:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు, లూమినిసెంట్ సోలార్ కాన్సంట్రేటర్: ఎండను పీల్చి, దాన్ని వేరే రంగు వెలుగుగా అంచుల్లోని సోలార్ సెల్ పట్టీలకు చేర్చే ప్లాస్టిక్ పలక. కాపర్ ఇండియం సల్ఫైడ్ క్వాంటం డాట్లకు (వెలుగు విడిచే నానో రేణువులు) జింక్ సల్ఫైడ్ షెల్ (పై పొర) వేసి, ఎంఎంఏలో (మిథైల్ మెథాక్రిలేట్, గట్టిపడితే ప్లాస్టిక్ అయ్యే ద్రవం) కలిపి, దాన్ని గట్టిపరిచే ఏఐబీఎన్‌తో పలక పోశాం. 5 × 5 సెం.మీ. ముక్క యూవీ టార్చి కింద అంచుల్లో ఎర్రగా మెరుస్తుంది. అదే 5 మి.మీ. మందంలో 20 × 20 పోస్తే పాలు కలిపినట్టు తెల్లబారింది, మధ్యలో బుడగలు, అంచు మసక. పైన వేలు పెడితే జిగురు. షెల్ వేశాక డాట్ల కాంతి 700 దగ్గర నుంచి 640 నానోమీటర్లకు జరిగింది. కాడ్మియం సెలినైడ్‌కి మారమంటారా?

పాలమూరు_పాలిమర్:
వద్దు. మామూలు కాడ్మియం సెలినైడ్ డాట్లు పీల్చుకునే రంగూ విడిచే రంగూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. దారిలో ఉన్న ప్రతి డాట్ పక్కదాని వెలుగును మింగుతుంది. దాన్ని తప్పించాలంటే చాలా మందమైన కాడ్మియం సల్ఫైడ్ షెల్ వేయాలి, పైగా విషం. మీ డాట్లలో ఆ రెండింటి మధ్య ఎడం 0.4 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా ఉంటుంది. పలకకు కావలసింది అదే. 640కి జరగడం తప్పు కాదు. షెల్ వేసేటప్పుడు జింక్ కొంత కోర్‌లోకి (డాట్ లోపలి గింజ) దూరి అక్కడి లోహాల చోటు తీసుకుంటుంది, అందుకే.

మీ రోగం ప్లాస్టిక్‌లో ఉంది. డాట్ల ఒంటి మీద డోడెకేన్‌థయాల్ (తయారీలో వాడే గంధకపు సమ్మేళనం) పొడుగు తోకలుంటాయి. ఎంఎంఏ ద్రవంగా ఉన్నప్పుడు కలిసినట్టే కనిపించి, గట్టిపడే కొద్దీ ఇమడక గుంపు కడతాయి. ఆ గుంపులే తెలుపు. ఎంఎంఏ 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మందమైన పలక మధ్యలో పుట్టిన వేడి బయటికి పోదు, గది ముందే 40 డిగ్రీలుంటే బుడగ ఖాయం. జిగురుకు మొదటి అనుమానం మిగిలిపోయిన థయాల్ మీదే. అది పాలిమర్ గొలుసును మధ్యలోనే తెంపుతుంది. డాట్లను టోలుయీన్‌లో కరిగించి అసిటోన్ పోసి సెంట్రిఫ్యూజ్ చేయడం కనీసం మూడుసార్లు జరగాలి.

ఎంఎంఏ మానేసి లారిల్ మెథాక్రిలేట్ 80, ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ 20 పాళ్లు బరువులో తీసుకోండి. లారిల్ తోక డాట్ల తోకలాంటిదే, కాబట్టి పొత్తు కుదురుతుంది. రెండోది లేకపోతే పలక రబ్బరులా వంగుతుంది. డాట్లు బరువులో 0.3 శాతం, యూవీ ఇనీషియేటర్ (యూవీ తగిలితే గట్టిపడటం మొదలుపెట్టేది) 1 శాతం. 15 నిమిషాలు నైట్రోజన్ పంపండి, ఆక్సిజన్ ఉంటే పై పొర గట్టిపడదు. రెండు అద్దాల మధ్య సిలికాన్ రబ్బరు ట్యూబు పెట్టి, క్లిప్పులు బిగించి, 365 నానోమీటర్ల దీపం కింద ఉంచి, మధ్యమధ్య తిరగేయండి. డాట్లే యూవీని తాగేస్తాయి, తిప్పకపోతే అడుగు పచ్చిగా మిగులుతుంది.

20 × 20 × 0.5 అంటే 200 సీసీ, సుమారు 180 గ్రాముల మిశ్రమం, అర గ్రాముకు పైగా డాట్లు. డాట్లు తయారుచేసే 1 మిల్లీమోల్ బ్యాచ్‌లో కోర్ అంతా కలిపినా 0.24 గ్రాము దాటదు. ముందు 10 × 10 × 0.3 పోయండి, 0.08 గ్రాము చాలు.

దేవరకొండ_ఆప్టిక్స్:
కొత్త పలక పోసే ముందు పాతదాన్నే పరీక్షకు పెట్టుర్రి. ఎర్ర లేజర్ పాయింటర్‌ను అంచు నుంచి లోపలికి కొట్టి పక్క నుంచి చూడుర్రి. గీత కొట్టొచ్చినట్టు కనపడితే వెలుగు చెదురుతున్నట్టే. తర్వాత 405 నానోమీటర్ల లేజర్ చుక్కను అంచుకు 1 సెం.మీ. దూరం నుంచి 18 దాకా జరుపుకుంట, అంచు దగ్గర స్పెక్ట్రం (ఏ రంగు ఎంతుందో చూపే గ్రాఫు) తీయుర్రి. దూరం పెరిగినకొద్దీ శిఖరం ఎరుపు వైపు పోతే డాట్లు తమ వెలుగు తామే తాగుతున్నయి. శిఖరం కదలక ఎత్తు మాత్రమే తగ్గితే ప్లాస్టిక్‌దే తప్పు.

ఆశ కూడా జర తగ్గించుకోవాలె. అంతా బాగున్నా పుట్టిన వెలుగులో 75 శాతమే లోపల చిక్కుతది, మిగతాది పై కింది ముఖాల నుంచి జారిపోతది. 2015లో ఇటలీలోని మిలాన్, అమెరికాలోని లాస్ అలమోస్ బృందాలు 12 × 12 × 0.3 సెం.మీ. పలకలో ఇదే కుటుంబం డాట్లతో అంచుకు చేర్చింది పడిన ఎండలో 3.2 శాతం. మీ 20 × 20 మీద పడేది నడి ఎండలో 40 వాట్లు, అదే లెక్కన అంచుకు 1.3 వాట్ల వెలుగు. అంచుకు అంటించే సిలికాన్ సోలార్ సెల్ పట్టీ దాటినంక కరెంటు అందులో సగం కూడా ఉండదు.

నల్లగొండ_కెమ్:
లేజర్ గీత ఎర్రగా, లావుగా కనిపించింది. శిఖరం కదల్లేదు. లారిల్‌తో 10 × 10 పోస్తాం. పట్టీలు నాలుగు అంచులకూ అంటించాలా?

దేవరకొండ_ఆప్టిక్స్:
ముందు ఒక్క అంచుకే. మిగతా మూడింటికి నల్ల రంగు, కింద నల్ల బట్ట. తెల్ల కాగితం పెడితే చెదిరిన ఎండ పట్టీ మీద పడి లెక్క పెంచి చూపిస్తది. పట్టీ పైభాగాన్ని టేపుతో కప్పుర్రి. పలకకు, పట్టీకి మధ్య గాలి ఉండొద్దు, పారదర్శక సిలికాన్ జిగురుతోనే అంటించుర్రి.

పాలమూరు_పాలిమర్:
అచ్చు అద్దాలు బోరు నీళ్లతో కడగకండి. ఫ్లోరైడ్ సంగతి అటుంచినా, మన వైపు నీళ్లు కఠినం, ఆరాక మిగిలే తెల్ల మరక పలక ముఖం మీద అచ్చు దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత ఐసోప్రొపనాల్.